కుర్చీ స్వభావం

జూన్ 4

తమ్ముడూ,

పాపకి దగ్గు తగ్గిందా? పోయిన ఉత్తరంలో సగం పేజీ దగ్గు గురించే రాశావు, ఏం మందు వేస్తున్నారో మాత్రం రాయలేదు. మేం బాగానే ఉన్నాం. మీ బావ మోకాలు అలాగే ఉంది. నోరూ అలాగే ఉంది.

నీతో ఒక పని పడింది. నువ్వు టీచర్ల ట్రైనింగ్ కాలేజీలో మనుషుల స్వభావాల పాఠం చెబుతావు కదా, అందుకని.

నా ఉద్యోగం సంగతి నీకు తెలుసు. అయినా ఈ పదకొండేళ్ళలో ఒక్కసారి కూడా వచ్చి చూడలేదు కాబట్టి మళ్ళీ చెబుతాను. క్వారీ గుంట పైన గట్టు మీద రేకుల గది. అందులో మూడు కిటికీలు, ఒక కుర్చీ, సైరను మీట, గోడకి నలభై ఒక్క మేకులున్న బోర్డు. గుంటలోకి దిగేవాళ్ళు ఎవరి నంబరు ఇత్తడి బిళ్ళ వాళ్ళు మేకుకి తగిలించి దిగుతారు. పైకి వచ్చాక తీసుకుంటారు. పన్నెండున్నరకి నేను మొదటి సైరను మోగిస్తే అందరూ పైకి రావాలి. బోర్డు ఖాళీ అయ్యాక రెండోది మోగిస్తాను. అది వినిపిస్తేనే మందు పేల్చేవాడు తీగ కలుపుతాడు. నా పని ఇంతే.

మే ఇరవై రెండున పదిహేడో నంబరు బిళ్ళ బోర్డు మీద ఉండిపోయింది. సూపర్‌వైజరు గట్టెక్కి వచ్చాడు.

"వాడు ఇంటికి పోయుంటాడమ్మా. బిళ్ళ మర్చిపోయాడు. మోగించు."

"పోవడం చూశారా?"

"కింద లారీలు బారులు తీరాయి. కనిపిస్తున్నాయా నీకు?"

"లారీలు కనిపిస్తున్నాయండి. పదిహేడు కనిపించడం లేదు."

రెండు గంటల పది నిమిషాలు మోగించలేదు. చివరికి మనిషిని పంపి చూస్తే, ఆ పదిహేడు కడుపునొప్పని వెనక దారిన ఇంటికి పోయి ముసుగుతన్ని పడుకున్నాడు. అంటే సూపర్‌వైజరు చెప్పిందే నిజమైంది. కానీ పన్నెండున్నరకి ఆ సంగతి ఆయనకీ తెలియదు, నాకూ తెలియదు.

ఆ తర్వాత కంపెనీ ఒక పరీక్షలాయన్ని రప్పించింది. నూట ఇరవై ప్రశ్నలు. 'మీరు ఒకసారి నిర్ణయించుకుంటే మార్చుకోరు: అవును, కాదు.' నేను పక్కన 'ఏ నిర్ణయం?' అని రాశాను. పక్కన రాయకూడదట. మనుషులు నాలుగు రంగులట. నేను ఎరుపు. ఎరుపంటే మొండి. ప్రశాంతంగా, చెప్పిన మాట వినేవాళ్ళు నీలం. సైరను గదికి నీలం వాళ్ళే పనికొస్తారని నన్ను పనిముట్ల గదిలో వేశారు. నెలాఖరులోపు విచారణ పెట్టి నా సంగతి తేలుస్తారట.

నాకు ఆ కుర్చీ కావాలి. మనిషి స్వభావం నూట ఇరవై ప్రశ్నల్లో తేలుతుందా? మీ పుస్తకాల్లో ఏముందో దాచకుండా రాయి.

అక్క


జూన్ 12

అక్కా,

దగ్గు తగ్గింది. మందు పేరు నాకు తెలియదు, మీ మరదలికి తెలుసు.

నువ్వు అడిగింది పెద్ద ప్రశ్నే. మా పాఠంలో రెండు వర్గాలున్నాయి. మనిషికి కొన్ని గుణాలు స్థిరంగా ఉంటాయంటుంది ఒక వర్గం. వాటిని అయిదుగా కొలుస్తారు. కొత్తదనం మీద ఇష్టం, పద్ధతిగా ఉండడం, నలుగురిలో కలవడం, సర్దుకుపోవడం, బెదురు. పాతికేళ్ళు దాటాక ఇవి పెద్దగా మారవట. ఎక్కడ నిలబెడితే మనిషి అలా ప్రవర్తిస్తాడని రెండో వర్గం వాదన. ఇంట్లో అబద్ధమాడే పిల్లవాడు బడిలో ఆడకపోవచ్చు, బడిలో కాపీ కొట్టేవాడు ఆటలో మోసం చెయ్యకపోవచ్చు. ఇద్దరూ కొంతవరకు ఒప్పుకునేది ఏమిటంటే, గుణం చూసి ఒక మనిషి వంద రోజుల్లో మొత్తమ్మీద ఎలా ఉంటాడో అంచనా వెయ్యవచ్చు. ఫలానా రోజు ఫలానా గంటకి ఏం చేస్తాడో చెప్పలేం.

నన్నడిగితే నేను మొదటి వర్గం. నన్ను చూడు, చిన్నప్పటి నుంచీ మెత్తన. ఇప్పటికీ బస్సులో నా కాలు తొక్కినవాడికి నేనే క్షమాపణ చెబుతాను.

నీ ఉత్తరం రాకముందే మీ కంపెనీ నుంచి నాకొక ఫారం వచ్చింది. దగ్గరి బంధువు అని నా పేరు నువ్వే ఇచ్చావట. 'ఈ వ్యక్తి పట్టుదల గురించి ఒక ఉదాహరణ రాయండి' అని ఉంది. నీకు ప్రమోషన్ ఇస్తున్నారనుకున్నాను. సంతోషంతో పేజీ నిండా రాశాను. కాగితాలు లేవని నన్ను బడిలో చేర్చుకోనప్పుడు పదేళ్ళదానివి నువ్వు హెడ్మాస్టరు గది గుమ్మంలో మూడు రోజులు కూర్చున్నావు కదా. అదంతా రాశాను. 'మా అక్క పట్టుబడితే దేవుడు దిగివచ్చినా కదలదు' అని ముగించాను. బాగా కుదిరిందనుకున్నాను.

ఇప్పుడు నీ ఉత్తరం చదివాక ఆ పేజీ ఎందుకు రాశానా అనిపిస్తోంది. అయినా అక్కా, నీ స్వభావం నీది. దానికి పడే పని వేరే చూసుకుంటే మంచిదేమో ఆలోచించు.

తమ్ముడు


జూన్ 20

ఒరేయ్,

నీ పేజీని విచారణలో పైకి చదివారు. మేనేజరు, సూపర్‌వైజరు, రంగులాయన వరసగా కూర్చున్నారు. నన్ను నిలబెట్టారు. రంగులాయన కళ్ళజోడు తుడుచుకుని మరీ చదివాడు. దేవుడు దిగివచ్చినా కదలదు అన్నచోట ఆగి, "సొంత తమ్ముడు రాసింది" అన్నాడు. నీ పొగడ్తే నా మీద నేరపత్రమైంది.

ఆ మూడు రోజుల సంగతి నువ్వు చెప్పుకునేది ఒకటి, జరిగింది ఒకటి. మొదటి రోజే హెడ్మాస్టరు పొమ్మన్నాడు. ఇంటికి వెళ్ళి నాన్నతో 'చేర్చుకోలేదు' అని చెప్పాలి. ఆ మాట చెప్పే ధైర్యం నాకు లేదు. అందుకని కూర్చున్నాను. రెండో రోజూ అందుకే కూర్చున్నాను. మూడో రోజు నన్ను దాటుకుని లోపలికీ బయటికీ తిరగలేక ఆయనే చేర్చుకున్నాడు. భయపడి కూర్చున్నదాన్ని పట్టుదల అంటున్నావు. నలభై ఏళ్ళుగా ఈ కథ అందరికీ చెబుతున్నావు, ఒక్కసారైనా నన్నడిగావా?

మీ బావకి నీ ఉత్తరం చదివి వినిపించాను. "నువ్వు మొండిదానివా? సైకిలు షాపువాడు మొన్న పాత ట్యూబే మళ్ళీ వేసిచ్చినా నోరెత్తలేదు. మా అమ్మ ఉన్నన్నాళ్ళూ ఆవిడ పెట్టమన్న చోటే మంచం పెట్టావు. ఆ రంగులాయన్ని ఒక వారం మనింటికి రమ్మను" అన్నాడు. పెళ్ళయిన ఇన్నేళ్ళకి నా తరఫున మాట్లాడాడు.

నాకొకటి అర్థమైంది, మీ పుస్తకాల్లో ఉందో లేదో. సూపర్‌వైజరు తన తొందరకి లారీలు కారణమంటాడు. నా ఆలస్యానికి మాత్రం నా పుట్టుక కారణమంటాడు. ఆయన పక్కన లారీలున్నట్టే నా ఎదురుగా బోర్డు ఉంది కదా. నా కిటికీలోంచి చూడడానికి మాత్రం ఎవరూ కూర్చోరు.

నా కుర్చీలో ఇన్నాళ్ళూ పనిముట్ల గదిలో ఉన్నాయన్ని కూర్చోబెట్టారు. పూర్తి నీలం. ఏం చెప్పినా 'సరే' అంటాడని ఆయన్ని అందరూ సరేగారంటారు. ఆయన గదిలో ఇప్పుడు నేను పారలు లెక్కపెడుతున్నాను.

నువ్వు చెయ్యవలసింది ఒకటి ఉంది. కంపెనీకి ఇంకో కాగితం రాయి. ఆ మూడు రోజులు ఎందుకు కూర్చున్నానో రాయి.

అక్క


జూన్ 29

అక్కా,

నిన్ను దెబ్బ తియ్యడానికే రాశానన్నట్టు రాశావు. నాలుగు రోజులు సమాధానం రాయాలనిపించలేదు.

ఇంకో కాగితం ఎలా రాయను? ఒకసారి పట్టుదలని రాసి, మళ్ళీ భయమని రాస్తే, అక్కని కాపాడుకోవడానికి అబద్ధం రాశాడంటారు. నా మాట పోతుంది, నీకూ ఉపయోగం ఉండదు. పైగా ఇన్నేళ్ళకి ఆ కథ అలా కాదని తెలిస్తే నాకు ఎలా ఉంటుందో నువ్వు ఆలోచించలేదు. నేను ఆ గుమ్మం చూసుకునే చదువుకున్నాను.

ఇంకో సంగతి. ఇదే రంగుల పరీక్ష మా కాలేజీకీ వస్తోంది. మా దగ్గర చదివే అరవై మందికీ పెట్టి ఎవరిది ఏ రంగో రాసివ్వమని ప్రిన్సిపాలు నాకే అప్పగించారు. దాన్నిబట్టి ఎవరిని ఎలాంటి బడికి పంపాలో నిర్ణయిస్తారట. ముందు నన్ను రాయమన్నారు. నేను నీలం. నాకేమీ ఆశ్చర్యం కలగలేదు. నిజం చెప్పాలంటే కొంచెం హాయిగా అనిపించింది, ఎవరో వచ్చి నీ తప్పేమీ లేదులే అన్నట్టు.

ఇలాంటి సమయంలో అదే పరీక్ష తప్పని బయటికి ఉత్తరం రాయలేను. నా సంగతి నీకు తెలుసు కదా.

తమ్ముడు


జూలై 15

తమ్ముడూ,

నీ హాయి నీకు ఉండనీ. ఇక్కడ జరిగింది విను.

ఒకటో తేదీన ముప్ఫయ్యో నంబరు బిళ్ళ మిగిలింది. అది నీళ్ళామెది, గుంటలో పనివాళ్ళకి తాగే నీళ్ళు మోస్తుంది. సూపర్‌వైజరు గట్టెక్కి, "ఆమె ఎప్పుడో వెళ్ళిపోయింది, మోగించు" అన్నాడు. సరేగారు సరే అని మోగించాడు. ఆమె గుంటలోనే, పాత యంత్రం వెనక, క్యాను కడుక్కుంటోంది. నీళ్ళ పంపు హోరులో మొదటి సైరను వినపడలేదు. యంత్రం అడ్డం ఉండబట్టి రాళ్ళు తగల్లేదు. ఒక చెవి పోయింది. రెండు వారాలైనా ఎవరేం మాట్లాడినా 'ఆ?' అంటోంది. బిళ్ళ తియ్యకపోవడం ఆమె తప్పేనని కంపెనీ రాసుకుంది. లోపలున్న మనిషి బిళ్ళ ఎలా తీస్తుందో వాళ్ళకే తెలియాలి.

మర్నాడు సరేగారు పనిముట్ల గదికి వచ్చాడు. పార కావాలన్నాడు. ఇచ్చాను. చేత్తో అటూ ఇటూ తిప్పి చూసి, మళ్ళీ గోడకి ఆనించి వెళ్ళిపోయాడు.

పదో తేదీన ఎనిమిదో నంబరు మిగిలింది. సూపర్‌వైజరు మళ్ళీ ఎక్కాడు.

"మోగించు."

"సరేనండి."

మోగించలేదు.

"సరే అన్నావుగా?"

"అన్నానండి."

గంటా ఇరవై నిమిషాలు, ఎన్నిసార్లు చెప్పినా సరేనండి అంటూనే మీట మీద చెయ్యి వెయ్యలేదు. ఎనిమిదో నంబరువాడు గుంట బయట లారీ నీడన నిద్రపోతున్నాడు. ఈసారీ లోపల ఎవరూ లేరు. సరేగారికి మళ్ళీ పరీక్ష పెట్టారు. ఎరుపు వచ్చింది. మొదటిసారి సరిగ్గా నింపలేదేమో అన్నాడు రంగులాయన. అదే మనిషి, అవే ప్రశ్నలు. మధ్యలో ఆ కుర్చీ ఒక్కటే.

ఇక్కడ నా మీద ఫిర్యాదేమిటో తెలుసా? చీటీ లేకుండా అడిగినవాళ్ళందరికీ పారలు ఇచ్చేస్తున్నానట, మరీ మెతకట. పార ఆలస్యమైతే ఎవరి తలా పగలదు, ఎందుకు బిగుసుకోవాలి?

నీతో ఒక మాట ఒప్పుకుంటాను, వాళ్ళతో ఒప్పుకోను. మే నెలలో ఆ రెండు గంటల్లో చివరి అరగంట, సూపర్‌వైజరు కిందా మీదా పడుతుంటే, నాకు లోపల కాస్త బాగానే అనిపించింది. అది నా గుణమే అయ్యుంటుంది. కానీ మొదటి గంటన్నర అది లేదు. అప్పుడు బిళ్ళ ఒక్కటే ఉంది.

అసలు విషయం. మేనేజరు పిలిచి ఒక కాగితం ముందు పెట్టాడు. 'మొండితనం నా స్వభావమని ఒప్పుకుంటున్నాను, ఇకపై అదుపులో పెట్టుకుంటాను.' సంతకం పెడితే కుర్చీ మళ్ళీ నాదే. ఇరవై ఎనిమిదో తేదీ సోమవారం దాకా గడువిచ్చాడు.

పెట్టను.

అక్క


జూలై 19

అక్కా,

పెట్టు. ఒక్క వాక్యం. ఆ కుర్చీ కావాలన్నావు, ఇస్తున్నారు. అరగంట సంగతి నువ్వే ఒప్పుకున్నావు కదా, ఆ మాత్రం కాగితం మీద ఒప్పుకుంటే ఏం పోయింది? నా మీద కోపంతో, నేను రాసింది తప్పని రుజువు చెయ్యడానికే ఇంత చేస్తున్నావని నాకు తెలుసు. నేను తప్పేనని ఇదిగో రాసిస్తున్నాను. నా తప్పు నీ ఉద్యోగం మీదికి తెచ్చుకోవద్దు.

తమ్ముడు


జూలై 30

తమ్ముడూ,

నీ మీద కోపం జూన్‌లోనే అయిపోయింది. నీకు చెప్పడం మర్చిపోయాను.

సోమవారం వెళ్ళాను. సరేగారినీ, రంగులాయన్నీ పిలిచారు. మేనేజరు గదిలో మేం మాట్లాడుతుంటే గుంట పనివాళ్ళు కిటికీల దగ్గర చేరారు.

మేనేజరు కలం ఇచ్చాడు. "ఏమ్మా, నీ స్వభావం నువ్వు ఒప్పుకోవడానికి ఇంత ఆలోచనేమిటి?"

"నా స్వభావంలో లక్ష ఉంటాయి సార్, అవి మా ఆయనకి చెప్పుకుంటాను. బోర్డు మీద బిళ్ళ ఉంటే సైరను మోగించకపోవడం నా స్వభావం కాదు. అది ఆ కుర్చీ పని."

"రెండింటికీ తేడా ఏముంది?"

"నా స్వభావమని రాసిస్తే, రేపు నేను పోయాక ఆ స్వభావం లేనివాణ్ణి వెతికి తెచ్చుకుంటారు. ఇదివరకే ఒకసారి తెచ్చుకున్నారు."

సరేగారు నేల చూశాడు. మాట ఆయనకి తగిలిందని నాకు తెలుసు. తగలనీ అనుకున్నాను.

"అయితే ఏం రాయమంటావు?" అన్నాడు మేనేజరు.

"ఎవరు కూర్చున్నా, ఏ రంగువాళ్ళయినా, బోర్డు ఖాళీ కానిదే మోగించకూడదని ఆ గది గోడ మీద రాయించండి. దాని కింద సంతకం పెడతాను. సూపర్‌వైజరు గారు కూడా పెట్టాలి."

ఆయన నవ్వాడు. నియమం ఎప్పటి నుంచో ఉన్నదేనట, మళ్ళీ రాయడం ఎందుకట. పక్కవాళ్ళు ఆ మాట చెవిలో చెప్పగానే నీళ్ళామె కిటికీ ఊచలు పట్టుకుని గది అదిరిపోయేలా అరిచింది. "రాయకపోతే రేపటి నుంచి మేమెవరం దిగం!"

"ఎందుకమ్మా అంత కోపం?" అన్నాడు రంగులాయన.

"ఆ?"

పక్కనున్నవాళ్ళు ఆమె మంచి చెవిలో మళ్ళీ చెప్పారు. "కోపం కాదండీ, నేనెంత గట్టిగా మాట్లాడుతున్నానో నాకు వినపడదు. కానీ దిగం!" అని అదే గొంతుతో అంది. రంగులాయన ఏదో రాసుకోబోయి కలం మూత పెట్టేశాడు.

మర్నాడు నిజంగానే ఎవరూ దిగలేదు. పదకొండింటికి పెయింటరు వచ్చాడు. ఇప్పుడు గోడ మీద బెత్తెడేసి అక్షరాలున్నాయి. సూపర్‌వైజరు సంతకం పెట్టాడు, చాలా చిన్నగా.

నా కాగితం మీద మాత్రం నేను పెట్టలేదు. అందుకని నాకు కుర్చీ ఇవ్వలేదు. వాళ్ళ పంతం కాస్త వాళ్ళకీ ఉండాలి కదా. అందులో సరేగారే కూర్చుంటున్నాడు. నేను పారల దగ్గరే. ఆ కుర్చీ పోయినందుకు బాధ లేదని నీకు అబద్ధం రాయను. మొదటి సైరను వినగానే ఇప్పటికీ నా చెయ్యి లేస్తుంది, ఎదురుగా మీట ఉండదు. ఇవాళ ఇద్దరు డ్రైవర్లు మా పనిముట్ల గది కిటికీ బయట సరేగారిని 'వట్టి మొండిఘటం' అని తిట్టుకుంటూ పోయారు. కడుపు నిండింది.

నీ అరవై మంది సంగతేం చేశావు?

అక్క


ఆగస్టు 9

అక్కా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివి, మీ కంపెనీకి రెండో కాగితం రాసి పోస్టు చేశాను. మూడు రోజులూ నువ్వు భయంతో కూర్చున్నావనీ, ఆ సంగతి తెలియకుండా నేను రాశాననీ ఉంది. ఇక దానితో అవసరం లేదని తెలుసు. అయినా పంపాను. వాళ్ళ ఫైల్లో ఒక్కటే ఉండడం నాకు బాగోలేదు.

అరవై మందికీ పరీక్ష పెట్టాను. పెట్టనని అనలేకపోయాను. వాళ్ళు రాస్తుంటే వరసల మధ్య తిరిగాను. ఒక అమ్మాయి అన్ని జవాబులూ చెరిపేసి మొదటి నుంచి రాసింది. "ఇప్పుడే ఇంటి నుంచి ఫోను వచ్చింది సార్, ఇందాకటి జవాబులు ఇప్పుడు నావి కావు" అంది.

రంగుల జాబితా నిన్న ఇవ్వాలి. ఇచ్చాను. ప్రతి పేరు ఎదురుగా 'ఇంకా తేలలేదు' అని రాశాను.

ప్రిన్సిపాలు కాగితం తిప్పి చూశారు, వెనకేమైనా ఉందేమోనని. "ఏమిటిది? ఎప్పుడు తేలుతుంది?" అన్నారు.

"ఎవరిని ఎక్కడ పనిలో పెడతారో చెప్పండి సార్. కొన్నాళ్ళాగి అక్కడికి వెళ్ళి చూసి రాస్తాను."

"మీరు నీలం కదండీ!" అన్నారు. నిజంగానే మోసపోయినట్టు చూశారు, పాపం.

స్వభావాల పాఠం నా దగ్గర నుంచి తీసేశారు. సోమవారం నుంచి హాజరు పుస్తకాలు చూసుకోమన్నారు. మీ మరదలు ఇంకా మాట్లాడడం లేదు. భయం వేసిందా అని నువ్వు అడుగుతావు. వేసింది, ఇప్పటికీ వేస్తోంది.

గది బయటికి వచ్చేసి, గుమ్మం దాటాక మళ్ళీ లోపలికి వెళ్ళాను. జూన్‌లో నేను రాసిన పరీక్ష కాగితం ఒక్కసారి ఇమ్మని అడిగాను. ఆయన తీసి ఇచ్చారు. అక్కడే నిలబడి, నా పేరు ఎదురుగా ఉన్న నీలం కొట్టేసి, అరవై పేర్లకీ రాసిందే దానికీ రాసి ఆయన చేతికిచ్చాను.

తమ్ముడు